పొద్దున ఆరున్నరకి సర్వర్ బిగుసుకుపోతోంది, సీపీయూ మాత్రం ఖాళీ (పైథాన్, ట్విస్టెడ్)

బాచుపల్లి_బ్యాకెండ్ | మంగళవారం, రాత్రి 10:48

అందరికీ నమస్తే. మా బావమరిదికి వాటర్ ట్యాంకర్ల వ్యాపారం. బాచుపల్లి, నిజాంపేట, ప్రగతినగర్ వైపు అపార్ట్‌మెంట్లకి నీళ్లు తోలుతారు. పోయిన వేసవిలో ఇద్దరు మనుషులు పొద్దస్తమానం ఫోన్లెత్తినా బుకింగులు సరిపెట్టలేకపోయారు. అందుకని ఒక బుకింగ్ సర్వర్ రాసిచ్చాను. పైథాన్‌లో, ట్విస్టెడ్ అనే నెట్‌వర్క్ లైబ్రరీతో. చుట్టుపక్కల ట్యాంకర్ల వాళ్లు ఇంకో నలుగురు కూడా దీంట్లోకే వచ్చారు. ఇప్పుడు 400 దాకా డ్రైవర్ల ఫోన్లు రోజంతా కనెక్షన్ తెరిచే ఉంచుతాయి, పది సెకన్లకోసారి ఎక్కడున్నదీ పంపుతాయి.

పొద్దున 6 నుంచి 8 మధ్య సర్వర్ ఉన్నట్టుండి ఆగిపోతోంది. ఒక్కోసారి నాలుగు సెకన్లు, ఒక్కోసారి ఇరవై. బుకింగ్ పేజీ గిర్రున తిరుగుతూనే ఉంటుంది. మ్యాప్ మీద ట్యాంకర్లన్నీ ఎక్కడివక్కడ నిలబడిపోయి, తర్వాత ఒక్కసారిగా గెంతుతాయి. చూస్తే సీపీయూ 4 శాతం. 2 జీబీ మెమరీలో సగం ఖాళీ. రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటుంది. బావమరిది పొద్దున్నే ఫోన్ చేసి "మళ్లీ పడుకుంది నీ సర్వర్" అంటాడు. ఆ టెన్షన్‌కి ఐదున్నరకే మెలకువ వచ్చేస్తోంది.

ట్విస్టెడ్ లాంటి ఈవెంట్ డ్రివెన్ సర్వర్ (కబురు వచ్చిన కనెక్షన్‌నే పలకరించే పద్ధతి) అంటే వేల కనెక్షన్లు అలవోకగా మోస్తుందన్నారు కదా, 400కే ఇలాగా?

గో_గోపన్న | రాత్రి 10:55

పైథాన్ తీసేసి గో భాషలో రాసెయ్. తీరిపోతుంది.

అమీర్‌పేట_బ్యాచ్ | రాత్రి 10:57

లేదా నోడ్ (జావాస్క్రిప్ట్). ఒక వీకెండ్ పని బ్రో.

పాత_రియాక్టర్ | రాత్రి 11:20

వచ్చేశారు ఇద్దరూ. తలనొప్పి అంటే తల మార్చుకోమనే డాక్టర్లు.

తమ్ముడూ, సీపీయూ ఖాళీగా ఉండి సర్వర్ పలకట్లేదంటే అది పనిలో లేదు, ఎవరికోసమో ఎదురుచూస్తోంది. ఒక బుకింగ్ వస్తే నీ కోడ్ వరసగా ఏమేం చేస్తుందో రాయి. ఏదీ వదలకు.

బాచుపల్లి_బ్యాకెండ్ | రాత్రి 11:31

అన్నా, వరస ఇది. ఫారం వివరాలు తీసుకుంటాను. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక రో చేరుస్తాను, సైకోపీజీ లైబ్రరీతో. దగ్గర్లో ఖాళీగా ఉన్న ట్యాంకర్ ఏదో మెమరీలో ఉన్న డిక్షనరీలో వెతుకుతాను. కస్టమర్‌కి, డ్రైవర్‌కి చెరో ఎస్సెమ్మెస్ పంపుతాను, ఎస్సెమ్మెస్ గేట్‌వే కంపెనీ వాళ్ల యూఆర్ఎల్‌ని రిక్వెస్ట్స్ లైబ్రరీతో కొడతాను. తర్వాత పేజీ చూపిస్తాను. అంతే.

పాత_రియాక్టర్ | రాత్రి 11:52

రిక్వెస్ట్స్ లైబ్రరీ అన్నావు చూడు, అక్కడే దొరికావు. అవతలినుంచి జవాబు వచ్చేదాకా అది కదలదు.

కూకట్‌పల్లి నుంచి కోఠి పోయే బస్సు తలుచుకో. పొద్దున ఎనిమిదిన్నర, కాలు పెట్టే చోటు లేదు, కండక్టర్ ఒక్కడే. ఎస్ఆర్ నగర్‌లో ఎక్కినాయన 500 నోటు ఇచ్చాడు. చిల్లర దొరికేదాకా కండక్టర్ ఆయన పక్కనే నిలబడతాడా? టికెట్ వెనక 470 అని గీకి చేతిలో పెట్టి ముందుకు పోతాడు. బ్యాగులో చిల్లర పోగయ్యాక పిలిచి ఇస్తాడు. టికెట్ వెనక ఆ గీత ఉందే, అదే ట్విస్టెడ్‌లో డిఫర్డ్. అది డబ్బు కాదు, డబ్బు వస్తుందన్న గుర్తు.

ట్విస్టెడ్‌ని నడిపే రియాక్టర్ ఉందే, అదే ఆ కండక్టర్. ఒక్క థ్రెడ్ (ఒకదాని తర్వాత ఒకటిగా పనులు నడిచే దారి), ఒక్క లూప్. ఈ 400 సాకెట్లలో, అంటే తెరిచున్న కనెక్షన్లలో, కబురు వచ్చినవి ఏవి అని లైనక్స్‌లోని ఈపోల్‌ని అడుగుతుంది. ఏడు సాకెట్లకి వచ్చిందంటే ఆ ఏడు సాకెట్ల కోడూ ఒకదాని తర్వాత ఒకటి పిలుస్తుంది, అన్నీ తిరిగొచ్చాక మళ్లీ ఈపోల్ దగ్గరికి పోతుంది. నీ ఫంక్షన్ తిరిగొచ్చేదాకా దాన్ని మధ్యలో లాగి పక్కన పెట్టేవాళ్లు ఎవరూ లేరు. నువ్వేమో 500 నోటు ఆయన దగ్గర నిలబడిపోయావు. గేట్‌వే నాలుగు సెకన్లు తీసుకుంటే ఆ నాలుగు సెకన్లు బస్సులో ఎవరికీ టికెట్ లేదు. వెంటవెంటనే ఐదు ఎస్సెమ్మెస్‌లు పడితే ఐదు నాలుగులు ఇరవై. నీ ఇరవై సెకన్లు ఎక్కడివో ఇప్పుడు అర్థమైందా?

ఇంకోటి. రిక్వెస్ట్స్‌లో టైమవుట్ నువ్వు చెప్పకపోతే అసలు ఉండదు. అవతలివాడు పలక్కపోతే అలా కూర్చునే ఉంటుంది.

బాచుపల్లి_బ్యాకెండ్ | బుధవారం, రాత్రి 12:06

అన్నా, కానీ ఎస్సెమ్మెస్ ఫంక్షన్‌ని నేను డిఫర్డ్‌లోనే పెట్టాను. డిఫర్డ్ ఒకటి చేసి, దానికి కాల్‌బ్యాక్‌గా (ఫలితం వచ్చాక పిలవమని) ఈ ఫంక్షన్ తగిలించి, ఫైర్ చేశాను. పేజీ ఇచ్చే రెండర్ మెథడ్ నుంచి నాట్ డన్ యెట్ (ఇంకా అవలేదు) కూడా రిటర్న్ చేస్తున్నా. అంటే అసింక్ (ఎదురుచూడకుండా ముందుకు పోయేది) అయినట్టే కదా?

అత్తాపూర్_అసింక్ | రాత్రి 12:15

కాలేదు. నేనూ ఇదే గోతిలో ఆరు నెలలున్నాను కాబట్టి గట్టిగా చెప్తున్నా.

డిఫర్డ్ దేన్నీ వెనక్కి నెట్టదు, ఏ థ్రెడ్‌నీ పుట్టించదు. కాల్‌బ్యాక్‌ల చిట్టా మాత్రమే. ఫైర్ చేసిన క్షణాన అదే థ్రెడ్‌లో, అక్కడికక్కడే, ఒకదాని వెంట ఒకటి పిలిచేస్తుంది. కండక్టర్ టికెట్ వెనక రాసి మళ్లీ అక్కడే నిలబడితే రాసి ఏం లాభం? పైథాన్‌తోనే వచ్చే ఏసింకియో లైబ్రరీలోనూ అంతే. ఫంక్షన్ ముందు అసింక్ అని పెట్టినంత మాత్రాన ఏమీ జరగదు, లోపల మామూలు టైమ్ స్లీప్ ఉంటే లూప్ మొత్తం నిద్రపోతుంది.

(ఆడవాళ్లకి జీరో టికెట్ వచ్చాక మేం ఈ వెనక గీతలు మర్చేపోయాం, పాత_రియాక్టర్ గారూ. పోలిక మాత్రం బాగుంది.)

సీతాఫల్‌మండి_77 | రాత్రి 12:40

పోలికలు బాగున్నాయి గానీ ముందు కొలవండి. ఎస్సెమ్మెస్ ఒక్కటే అని ఎవరు చెప్పారు?

నేను ప్రతి సర్వర్‌లో ఒక నాడి పెడతాను. ట్విస్టెడ్‌లోని లూపింగ్‌కాల్‌తో 0.1 సెకనుకోసారి ఒక చిన్న ఫంక్షన్ నడుస్తుంది, పోయినసారికీ ఇప్పటికీ ఎంత తేడా వచ్చిందో చూస్తుంది. 0.2 దాటితే టైముతో సహా లాగ్‌లో ఒక గీత. లూప్ ఎవరి దగ్గరైనా ఇరుక్కుంటే ఈ నాడీ కొట్టదు కదా, దొరికిపోతుంది. పది లైన్ల కోడ్. పక్కనే ప్రతి రిక్వెస్ట్ ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిందో లాగ్ ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి చదవొచ్చు. ఏసింకియో వాడేవాళ్లకి డీబగ్ మోడ్‌లో ఇది ఉచితం, 100 మిల్లీసెకన్లు దాటిన ప్రతి కాల్‌బ్యాక్‌నీ అదే చెప్తుంది.

ఈ రాత్రే పెట్టి పడుకో. రేపు పొద్దున మీ బావమరిది కంటే ముందు లాగ్ చెప్తుంది.

బాచుపల్లి_బ్యాకెండ్ | ఉదయం 8:34

పెట్టాను. ఇదిగో పొద్దుటి నాడి:

6:12:40 – 11.8 సెకన్లు ఆలస్యం
6:41:07 – 3.9
6:41:11 – 4.1
6:41:16 – 4.6
7:03:52 – 0.4
7:20:18 – 8.2

6:41వి, 7:20ది ఎస్సెమ్మెస్ లైన్లతో అచ్చంగా కలిశాయి. కానీ 6:12 దగ్గర ఒక్క బుకింగ్ కూడా లేదు! ఆ నిమిషంలో లాగ్ అంతా డ్రైవర్ల లాగిన్లే. లాగిన్‌లో ఎస్సెమ్మెస్ లేదు, బయటి కాల్ ఏదీ లేదు. పాస్‌వర్డ్ సరిచూడ్డం, అంతే.

సీతాఫల్‌మండి_77 | ఉదయం 8:41

చూశావా. పాస్‌వర్డ్ దేంతో సరిచూస్తున్నావు?

బాచుపల్లి_బ్యాకెండ్ | ఉదయం 8:43

బీక్రిప్ట్. ఒక్కోటి 0.3 సెకన్లు పడుతోంది, ఇప్పుడే కొలిచా. అబ్బా. అందరి సెషన్లూ అర్ధరాత్రి పోతాయి, డ్యూటీ ఎక్కేది 6:10కి. నలభై మంది ఒకేసారి లాగిన్ కొడితే 12 సెకన్లు!

పాత_రియాక్టర్ | ఉదయం 9:05

శభాష్ సీతాఫల్‌మండీ, నేను ఎస్సెమ్మెస్ దగ్గరే ఆగిపోయేవాణ్ని.

బీక్రిప్ట్ కావాలనే నెమ్మదిగా చేసిన లెక్క. దొంగతనంగా పాస్‌వర్డ్లు ఊహించేవాడికి కష్టం కలగాలని. కానీ ఆ కష్టం ఒక్క థ్రెడ్ సర్వర్‌కి కూడా తగులుతుంది. రోజు మొత్తం సగటులో అది కనిపించదు, అందుకే నీకు సీపీయూ 4 శాతం అనిపించింది.

ఇప్పుడు పని చూద్దాం. బీక్రిప్ట్‌ని డిఫర్‌టుథ్రెడ్‌తో వేరే థ్రెడ్‌లోకి పంపు. ఆ లైబ్రరీ లెక్క చేసేటప్పుడు జిల్‌ని (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే పైథాన్ కోడ్ నడపనిచ్చే తాళం) వదిలేస్తుంది కాబట్టి రెండో కోర్ నిజంగానే పనికొస్తుంది. డేటాబేస్‌కి ట్విస్టెడ్‌లోనే ఏడీబీఏపీఐ ఉంది, అదే సైకోపీజీని సొంత థ్రెడ్లలో నడుపుతుంది. ఎస్సెమ్మెస్‌కి థ్రెడ్ వద్దు, ట్రెక్ వాడు. రిక్వెస్ట్స్ లాగే ఉంటుంది, కానీ రియాక్టర్ మీద నడుస్తుంది. టైమవుట్ 5 సెకన్లు పెట్టు. అసలు కస్టమర్‌కి పేజీ చూపించడానికి ఎస్సెమ్మెస్ అయ్యేదాకా ఆగడం దేనికి? పేజీ ముందు ఇచ్చెయ్, ఎస్సెమ్మెస్ దాని దారిన అది పోతుంది.

అమీర్‌పేట_బ్యాచ్ | ఉదయం 9:20

అన్నీ డిఫర్‌టుథ్రెడ్‌లో పడేస్తే అయిపోదా? ట్రెక్ నేర్చుకోవడం ఎందుకు?

అత్తాపూర్_అసింక్ | ఉదయం 9:48

రియాక్టర్ థ్రెడ్ పూల్‌లో, అంటే డిఫర్‌టుథ్రెడ్ పనులు చేసిపెట్టే గుంపులో, మామూలుగా ఉండేవి 10 థ్రెడ్లే. గేట్‌వే మొండికేసిన రోజు పది ఎస్సెమ్మెస్‌లు ఆ పదింటినీ పట్టుకుని కూర్చుంటాయి. పదకొండోది లాగిన్ అయినా సరే, క్యూలో నిలబడాల్సిందే. ఇంకా తమాషా ఏంటంటే, పేరు నుంచి ఐపీ అడ్రస్ వెతికే పని కూడా ట్విస్టెడ్ అదే పూల్‌లో చేస్తుంది. అంటే పూల్ నిండితే కొత్తగా బయటికి పోయే కనెక్షన్ ఏదీ కదలదు. నాడి మాత్రం చక్కగా కొట్టుకుంటూ ఉంటుంది, లాగ్ చూసి అంతా బాగుందనుకుంటాం! నాకు ఇది దొరకడానికి మూడు రోజులు పట్టింది.

నోడ్‌కి మారమన్నారు కదా, అక్కడ ఆ పూల్ ఇంకా చిన్నది. నోడ్ కింద ఉండే లిబ్‌యూవీ లైబ్రరీలో నాలుగే. ఫైళ్లు చదవడం, పేర్లు వెతకడం, పాస్‌వర్డ్ లెక్క, అన్నీ ఆ నాలుగింటి మీదే. పెంచుకోవచ్చు, కానీ ఉందని తెలిస్తే కదా పెంచేది.

గో_గోపన్న | ఉదయం 10:10

ఇవన్నీ విన్నాక అడుగుతున్నా, ఎలాగూ థ్రెడ్లు వాడుతున్నప్పుడు కనెక్షన్‌కో థ్రెడ్ ఇచ్చేస్తే పోదా? ఈ రియాక్టర్, ఈ డిఫర్డ్ బాధ ఎందుకు? కోడ్ పైనుంచి కిందికి చదువుకోవచ్చు. గోలో అదే సుఖం.

పాత_రియాక్టర్ | ఉదయం 11:02

నిజం చెప్పాలంటే 400కి కనెక్షన్‌కో థ్రెడ్ ఇచ్చినా నడుస్తుంది. లైనక్స్‌లో థ్రెడ్‌కి 8 ఎంబీ స్టాక్ అని భయపెడతారు గానీ అది అడ్రస్ స్పేస్ మాత్రమే, వాడినంతే మెమరీ పోతుంది. ఈ గోల మొదలైంది పదివేల దగ్గర. 1999లో డాన్ కెగెల్ సీ10కే అని పేరు పెట్టి రాశాడు, ఒక్క మిషన్ మీద పదివేల మంది క్లయింట్లని మోయడం ఎలా అని. అప్పట్లో చేతిలో ఉన్న సెలెక్ట్ (ఈపోల్ పని చేసే పాత పద్ధతి) 1024 సాకెట్లు దాటితే చేతులెత్తేసేది, పైగా ప్రతిసారీ మొత్తం జాబితా తడుముకోవాలి. లైనక్స్‌లో ఈపోల్ వచ్చాకే కబురు వచ్చినవి మాత్రమే చేతికందడం మొదలైంది. 2004లో వచ్చిన ఎంజినెక్స్ వెబ్ సర్వర్, 2009లో వచ్చిన నోడ్, అన్నీ ఆ దారిలోవే. ట్విస్టెడ్ వాటన్నిటికంటే ముందుది.

తమ్ముడికి రియాక్టర్ ఎందుకు మేలంటే, ఆ మెమరీలోని ట్యాంకర్ల డిక్షనరీ. దాన్ని ఒక్క థ్రెడే ముట్టుకుంటుంది కాబట్టి తాళాలు అక్కర్లేదు. ఒకే ట్యాంకర్ ఇద్దరికి రాసెయ్యడం జరగదు. 400 థ్రెడ్లు పెడితే ఆ ఒక్క డిక్షనరీ దగ్గరే కొట్టుకు చస్తాం. గోలో కూడా అక్కడ మ్యూటెక్స్ అనే తాళం పెట్టాలి గోపన్నా, నీకు తెలీనిది కాదు.

గో_గోపన్న | ఉదయం 11:09

అది ఒప్పుకుంటా.

బాచుపల్లి_బ్యాకెండ్ | గురువారం, ఉదయం 9:15

రాత్రి రెండింటిదాకా కూర్చుని మార్చాను. 6:12ది పోయింది, 6:41వి పోయాయి. కానీ కొత్తవి రెండు తగులుకున్నాయి.

ఒకటి: కనెక్షన్ పోయాక ఫినిష్ (జవాబు అయిపోయిందని చెప్పేది) పిలిచావని రన్‌టైమ్ ఎర్రర్. రోజుకి పది పదిహేను సార్లు.

రెండు: కొంతమందికి పేజీ ఎప్పటికీ రావట్లేదు. ఎర్రర్ కూడా కనపడదు. చాలాసేపయ్యాక లాగ్‌లో "అన్‌హ్యాండిల్డ్ ఎర్రర్ ఇన్ డిఫర్డ్" అని ఒకటి తేలుతుంది, అప్పటికి ఆ కస్టమర్ వేరేవాడి ట్యాంకర్ తెప్పించేసుకుని ఉంటాడు.

అత్తాపూర్_అసింక్ | ఉదయం 9:40

మొదటిది: ప్యాసింజర్ చిల్లర తీసుకోకుండానే ఖైరతాబాద్‌లో దిగిపోయాడు, నువ్వు ఇంకా 470 చేతిలో పట్టుకుని పిలుస్తున్నావు. రిక్వెస్ట్ మీద నోటిఫైఫినిష్ పిలువు, ఒక డిఫర్డ్ ఇస్తుంది. మనిషి మధ్యలో వెళ్లిపోతే దాని ఎర్‌బ్యాక్ (తప్పు జరిగితే పిలిచే ఫంక్షన్) మోగుతుంది. అక్కడ ఒక జెండా ఎత్తి పెట్టుకో, ఫినిష్ చేసేముందు ఆ జెండా చూడు. బుకింగ్ మాత్రం రద్దు చెయ్యకు, డేటాబేస్‌లో పడిపోయింది కదా.

రెండోది నాట్ డన్ యెట్ పెట్టే మెలిక. "జవాబు తర్వాత ఇస్తా" అని మాటిచ్చావు. తర్వాత కాల్‌బ్యాక్‌లో ఏదో పగిలింది. ఎర్‌బ్యాక్ లేదు కాబట్టి ఆ తప్పు డిఫర్డ్ లోపలే ఉండిపోయింది. పైథాన్ ఎవరూ వాడని ఆ డిఫర్డ్‌ని మెమరీలోంచి చెత్తలా ఊడ్చేటప్పుడు గానీ లాగ్‌లోకి రాదు. ఈలోపు మాటిచ్చిన జవాబు ఇచ్చేవాళ్లు లేరు. ప్రతి గొలుసు చివరా ఒక ఎర్‌బ్యాక్ ఉండాలి, అది లాగ్ రాసి, 500 స్టేటస్ (సర్వర్‌లో తప్పు అని) పెట్టి, ఫినిష్ చెయ్యాలి. ఈ మధ్య కోడ్ అయితే నేను అసింక్, అవేట్‌తో రాసి ఎన్ష్యూర్‌డిఫర్డ్‌లో చుడుతున్నా. మామూలు ట్రై, ఎక్సెప్ట్ పెట్టుకోవచ్చు, ప్రాణానికి హాయి.

బీక్రిప్ట్ థ్రెడ్ లోపల నుంచి రిక్వెస్ట్‌కి రైట్ (జవాబు రాయడం) చెయ్యట్లేదు కదా?

బాచుపల్లి_బ్యాకెండ్ | ఉదయం 9:46

చేస్తున్నా అక్కా. తప్పా?

అత్తాపూర్_అసింక్ | ఉదయం 9:49

తప్పే. ట్విస్టెడ్‌లో దాదాపు ఏదీ వేరే థ్రెడ్ నుంచి ముట్టుకోకూడదు. థ్రెడ్ ఫంక్షన్ అవునో కాదో రిటర్న్ చేసి ఊరుకోవాలి. రైట్ చేసేది డిఫర్డ్ కాల్‌బ్యాక్‌లో, అది రియాక్టర్ థ్రెడ్‌లోనే నడుస్తుంది. మధ్యలో కబురు పంపాల్సొస్తే కాల్‌ఫ్రమ్‌థ్రెడ్ ఉంది. ఇప్పుడు బాగానే నడుస్తున్నట్టుంటుంది, ఏదో పండగ రోజు పగులుతుంది.

సీతాఫల్‌మండి_77 | మధ్యాహ్నం 1:30

రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటుంది అన్నాడు మొదట్లో. అది నాకు ఇంకా గుచ్చుకుంటోంది. ఎస్సెమ్మెస్‌కీ బీక్రిప్ట్‌కీ రీస్టార్ట్‌తో సంబంధం లేదు. ఇప్పుడు ఎన్ని సాకెట్లు తెరిచి ఉన్నాయో లెక్కపెట్టి చెప్పు.

బాచుపల్లి_బ్యాకెండ్ | మధ్యాహ్నం 1:52

913. డ్రైవర్లు 400 మందే!

సీతాఫల్‌మండి_77 | మధ్యాహ్నం 2:10

అనుకున్నా. డ్రైవర్ ఫోన్ సిగ్నల్ లేని చోటికి పోతే "నేను వెళ్తున్నా" అని చెప్పి పోదు. బయటికొచ్చాక కొత్త కనెక్షన్ తెరుస్తుంది, పాతది నీ దగ్గర శవంలా పడి ఉంటుంది. నీళ్లు నింపే బోరు పాయింట్ దగ్గర సిగ్నల్ ఉండదేమో అడుగు. అవతల మనిషి ఉన్నాడా అని తట్టి చూసే లైనక్స్ కీప్‌అలైవ్ నువ్వు ఆన్ చేస్తేనే పనిచేస్తుంది, చేసినా మొదటిసారి తట్టేది 2 గంటల తర్వాత. ఒక ప్రాసెస్ తెరవగల ఫైళ్ల హద్దు (సాకెట్లూ ఇందులోకే వస్తాయి) చాలాచోట్ల 1024. సాయంత్రానికి దాన్ని తాకుతావు, అప్పుడు కొత్తవాళ్లని లోపలికే రానివ్వదు.

హద్దు పెంచుకో, సరే. అసలు మందు అది కాదు. డ్రైవర్ల కనెక్షన్ చూసుకునే ప్రోటోకాల్ క్లాస్‌కి ట్విస్టెడ్‌లోని టైమవుట్‌మిక్సిన్ తగిలించి, 35 సెకన్లు కబురు లేకపోతే కట్ చెయ్. పది సెకన్లకోసారి రావాలి, మూడు తప్పితే మనిషి లేనట్టే. నీ సర్వర్‌కి ముందు ఎంజినెక్స్ ఉంటే ఇంకోటి గుర్తుపెట్టుకో, సర్వర్ వైపు నుంచి 60 సెకన్లు ఏమీ రాకపోతే అది మామూలుగా కట్ చేసేస్తుంది. డ్రైవర్ పంపుతూ ఉంటే చాలదు, నువ్వూ అప్పుడప్పుడు "ఊఁ" అనాలి.

అమీర్‌పేట_బ్యాచ్ | మధ్యాహ్నం 2:25

ఇప్పుడే నేర్చుకునేవాళ్లు ట్విస్టెడ్‌తో మొదలెట్టాలా, ఏసింకియోతోనా? ఇంటర్వ్యూల్లో ట్విస్టెడ్ ఎవరూ అడగట్లేదు.

పాత_రియాక్టర్ | మధ్యాహ్నం 3:15

ఏసింకియో. 2014లో పైథాన్ 3.4తో వచ్చింది, మరుసటి ఏడాది 3.5లో అసింక్, అవేట్ వచ్చాయి. అక్కడ కనిపించే ప్రోటోకాల్, ట్రాన్స్‌పోర్ట్ అన్న మాటలు ట్విస్టెడ్ ఇంట్లో పుట్టినవే, కాబట్టి ఈ గొడవంతా చదివింది వృథా పోదు. నడుస్తున్న సర్వర్‌ని మాత్రం ఫ్యాషన్ కోసం మార్చొద్దు. వేసవిలో అసలే వద్దు.

బాచుపల్లి_బ్యాకెండ్ | తర్వాతి బుధవారం, ఉదయం 8:50

ఆరు రోజుల లెక్క. సాకెట్లు 400 దగ్గరే ఆడుతున్నాయి, ఎప్పుడూ 430 దాటలేదు. రీస్టార్ట్ ఒక్కసారి కూడా చెయ్యలేదు. సోమవారం పొద్దున గేట్‌వే అరగంట పడిపోయిందట, ఎస్సెమ్మెస్‌లు ఆలస్యంగా పోయాయి, బుకింగులు ఆగలేదు. ఆ సంగతి నాకు మధ్యాహ్నం దాకా తెలియనే లేదు. నీళ్ల పాయింట్ దగ్గర సిగ్నల్ ఉండదన్నది నిజమే సీతాఫల్‌మండి గారూ, చుట్టూ గ్రానైట్ గోడలంట.

నాడి లాగ్‌లో ఒక్క గీత మిగిలింది. రాత్రి 9 తర్వాత ఎప్పుడో ఒకసారి 2.7 సెకన్లు. చూస్తే ఒక ట్యాంకర్ ఓనర్ నెల లెక్కల ఎక్సెల్ షీట్ దించుకుంటున్నాడు. దాన్నీ డిఫర్‌టుథ్రెడ్‌లో పడేస్తా.

పాత_రియాక్టర్ | ఉదయం 9:30

అది థ్రెడ్‌లో పెట్టకు. ఆ షీట్ తయారుచేసేది అచ్చమైన పైథాన్ కోడ్, బీక్రిప్ట్ లాగ జిల్ వదలదు. థ్రెడ్‌లో ఉన్నా లూప్‌తో గుంజులాడుకుంటుంది, 2.7 సెకన్ల ఆగుడు పోయి ఐదు సెకన్ల నత్తనడక వస్తుంది. వేరే ప్రాసెస్‌గా నడుపు, ట్విస్టెడ్‌లో స్పాన్‌ప్రాసెస్ ఉంది. ఫైల్ తయారయ్యాక లింక్ ఇవ్వు.

బాచుపల్లి_బ్యాకెండ్ | ఉదయం 9:34

సరే అన్నా, రాత్రికి చూస్తా. మా అపార్ట్‌మెంట్‌కే ట్యాంకర్ వచ్చింది, సంపు మూత తీయమని కింద నుంచి హారన్ కొడుతున్నాడు.